వంతెన లేపే వెంకటస్వామి

సియాటిల్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లందరికీ వంతెన దాటే పని ఉంటుంది. రెడ్‌మండ్ వెంకటస్వామికి ఒక్కడికే వంతెన లేపే పని ఉంటుంది.

లేపడమంటే నిజంగా లేపడమే. సరస్సునీ సముద్రాన్నీ కలిపే కాలువ మీద ఒక పాత వంతెన ఉంది. ఎత్తయిన పడవ ఏదైనా వచ్చిందంటే, వంతెన మీది గదిలో కూర్చున్న ఆపరేటరు గంట మోగించి, రోడ్డుకు రెండువైపులా గేట్లు దించి, వంతెనను నడిమికి విడదీసి, రెండు రెక్కల్నీ ఆకాశంలోకి ఎత్తుతాడు. పడవ దాటేదాకా కార్లన్నీ ఆగాలి. ఆఫీసుకు లేటయినవాడూ ఆగాలి, పెళ్లిచూపులకు బయల్దేరినవాడూ ఆగాలి. అక్కడి చట్టంలో నీళ్లమీద పోయేవాడిదే ముందు హక్కు. ఈ ముక్క వెంకటస్వామి చెవిన వేసిన మహానుభావుడెవరో గానీ, అతని కోసం తెలుగు సంఘంవాళ్లు ఇప్పటికీ వెతుకుతున్నారు.

వెంకటస్వామి ఇరవయ్యారేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేశాడు. అన్నేళ్లూ ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి, రిటైరయ్యాక ఆ అవకాశం ఇతరులకు ఇవ్వాలనుకున్నాడో ఏమో, ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. దాని వెనక తెలుగులో పెద్ద అక్షరాలతో ‘నిదానం’ అని రాయించాడు. పేరు పెట్టడంలో అబద్ధం ఏమీ లేదు. ఆ పడవను బాతులు ఓవర్‌టేక్ చేస్తాయి. తల్లి బాతు ముందు వెళ్లి, పిల్లలు వెనకబడితే వాటికోసం ఆగి, అందరూ కలిసి మళ్లీ ఓవర్‌టేక్ చేస్తాయి.

వంతెన కింద నలభై అడుగుల ఖాళీ ఉంది. ‘నిదానం’ తెరచాప కొయ్య నలభైమూడు అడుగులు. ఆ మూడడుగులే వెంకటస్వామి ఆస్తి.

“కాస్త పొట్టి కొయ్య వేయించుకుంటే మీకూ హాయి, మాకూ హాయి కదండీ?” అని సంఘం సెక్రటరీ దివాకర్ ఒకసారి మర్యాదగానే అడిగాడు.

వెంకటస్వామి అతన్ని జాలిగా చూశాడు. “పొట్టిదైతే వంతెన ఎందుకు లేస్తది తమ్మీ?”



వంతెన లేవాలంటే పడవవాడు బూర ఊదాలి. పొడుగు కూత ఒకటి, పొట్టి కూత ఒకటి. ఆపరేటరు ఒప్పుకుంటే తిరిగి అదే కూస్తాడు. కుదరదంటే అయిదు పొట్టి కూతలు. ఈ పద్ధతి వెంకటస్వామికి ఎంత నచ్చిందంటే, దాన్ని నీళ్లమీదే వదిలేసి రాలేకపోయాడు. తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్ భోజనాల్లో బిర్యానీ ట్రే ముందు ఎవరైనా అడ్డంగా నిలబడి కబుర్లు చెబుతుంటే వెనకనుంచి “బూఁఁఁ… బుఁ!” అని నోటితో కూసేవాడు. జనం ఉలిక్కిపడి రెండుగా చీలేవాళ్లు. ఆయన పళ్లెం పట్టుకుని మధ్యలోంచి నిదానంగా సాగిపోయేవాడు. ఇంట్లో రెండో కప్పు కాఫీకీ ఇదే కూత. ఆయన భార్య దమయంతి వంటింట్లోంచే గరిటెతో స్టవ్ అంచుమీద అయిదుసార్లు ఠకఠకలాడించేది. అంతటితో ఆ చర్చ ముగిసేది.

దమయంతి ఆ పడవ ఎక్కిన పాపాన పోలేదు. “నేలమీదే ఈయనతో వేగలేకపోతున్నా, నీళ్లమీద కూడానా?” అనేది.

ఇంత పిచ్చి ఎందుకని అడిగినవాళ్లకు వెంకటస్వామి దాచకుండా చెప్పేవాడు.

“సికింద్రాబాద్‌ల ఉన్నప్పుడు మంత్రి కార్లు పోతుంటే సైకిల్ పట్టుకొని ఎండల నిలవడ్డ. ఒకదినం కాదు, రెండు దినాలు కాదు. ఇప్పుడు నేను బూర ఊదితే నాలుగొందల కార్లు ఆగుతయి. బెంజ్ ఆగుతది, టెస్లా ఆగుతది. డెమోక్రసీ అంటే గిది.”

ఆ నాలుగొందల కార్లలో ఎప్పుడూ ఒకటి దివాకర్‌ది ఉండేది. అది ఖర్మ అని దివాకర్ నమ్మకం. అతనిది నరసరావుపేట. ఒక కంపెనీలో మేనేజరు. అంతకన్నా ముఖ్యంగా, నాలుగువందల ఎనభై మంది సభ్యులున్న వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్. వంతెన లేచిందని ఆఫీసులో ఎన్నిసార్లు చెప్పాడంటే, పై అధికారి ఒకరోజు “మళ్లీ మీ స్నేహితుడేనా?” అని ఇంగ్లీషులో పరామర్శించాడు.

అయినా దివాకర్ అన్నీ భరించాడు, నిరుటి ఆగస్టుదాకా.

కాలువ గట్టున ఉన్న పార్కులో ప్రతి ఆగస్టులో ఊరివాళ్లు సరస్సు పండగ చేస్తారు. నిరుడు దివాకర్ వాళ్ల కాళ్లూ గడ్డాలూ పట్టుకుని, ఈమెయిల్‌లోనే, తెలుగు సంఘం కోలాటానికి ఇరవై నిమిషాలు సంపాదించాడు. రాధారాణి అనే డాన్స్ టీచరు పద్నాలుగు మందిని తయారుచేసింది. అందరూ పట్టుపావడాలూ పూలజడలూ వేసుకుని రెండు వ్యాన్లలో బయల్దేరారు. ముందు కారులో స్పీకర్లు పెట్టుకుని దివాకర్. సరిగ్గా వంతెన ముందుకు వచ్చేసరికి గంట మోగింది, గేటు దిగింది, వంతెన లేచింది.

‘నిదానం’ వచ్చింది. బాతుల తరవాత వచ్చింది.

దివాకర్ కారు దిగి, రెయిలింగ్ దాకా పరుగెత్తి, కిందికి వంగి గుప్పిట ఊపాడు. పడవలో వెంకటస్వామి, ఆయన పక్కన మంకీక్యాప్ పెట్టుకున్న ఎవరో ఒక ఆసామీ. ఆ ఆసామీ హుషారుగా చెయ్యి కూడా ఊపాడు. “వాడెవడో కోతిటోపీ వెధవకి సిగ్గు కూడా లేదు!” అని దివాకర్ తెలుగులోనే అరిచాడు. పార్కుకు చేరేసరికి ఇరవై నిమిషాల్లో పదహారు అయిపోయాయి. మిగిలిన నాలుగింటిలో మూడు మైకు టెస్టింగ్‌కు సరిపోయాయి.

ఆ రాత్రే దివాకర్ ప్రతిజ్ఞ చేశాడు. ఈసారి పండగ రోజున ఆ వంతెనను లేవనిచ్చేది లేదు.

అతని పట్టుదలను తక్కువ చేయకూడదు. ఇలాంటి రోజుల్లో కొన్ని గంటలపాటు పడవలకోసం వంతెన లేపనక్కర్లేదని కోస్ట్‌గార్డ్ వాళ్లు అనుమతి ఇస్తారని తెలుసుకున్నాడు. పండగ నిర్వాహకులతో కలిసి అర్జీ తయారుచేశాడు. రెండువందల పన్నెండు సంతకాలు పోగుచేశాడు. గుడి మెట్ల దగ్గర వెంకటస్వామి ఎదురుపడితే, ఏదో ఒక గొడవ జరక్కపోతుందా అన్న ఆశతో ఆయన ముందూ కాగితం పెట్టాడు.

వెంకటస్వామి కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. “మంచి పని తమ్మీ. ఆ దినం ట్రాఫిక్ శాన గోరంగుంటది” అని సంతకం చేశాడు. గొడవకని వారంనుంచి సిద్ధం చేసుకున్న నాలుగు వాక్యాలనూ దివాకర్ కాగితంతోపాటే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

జూలైలో అనుమతి వచ్చింది. పండగ జరిగే శనివారం పదకొండు నుంచి మూడు వరకు వంతెన లేవదు. దివాకర్ ఆనందం పట్టలేక గ్రూపులో రాశాడు: ‘శుభవార్త! మన సంఘం కృషి ఫలించింది! శనివారం 11 నుంచి 3 వరకు బ్రిడ్జ్ క్లోజ్డ్!!!’

ఇక్కడొక తిరకాసు ఉంది. పడవల భాషలో వంతెన ‘క్లోజ్డ్’ అంటే మూసుకుని ఉంటుందని, అంటే లేవదని, అంటే కార్లకు దారి ఉంటుందని అర్థం. వంతెన మూస్తే రోడ్డు తెరుచుకుంటుంది, వంతెన తెరిస్తే రోడ్డు మూసుకుంటుంది. నోటీసు ఆరుసార్లు చదివిన దివాకర్‌కు ఇది కంఠతా వచ్చింది. గ్రూపులో ఉన్న నాలుగువందల డెబ్భైతొమ్మిది మందికి రాలేదు. నూట నలభై చప్పట్లు, డెబ్భైమూడు దండాలు వచ్చాయి. “రోడ్ ఓపెనే కదా అంకుల్?” అని ఒక్కరు, అవని అనే అమ్మాయి, అడిగింది. అంతలో ఎవరిదో పుట్టినరోజు వచ్చి, ఆ ప్రశ్న మూడొందల కేకు బొమ్మల కింద సమాధి అయింది.

శనివారం పొద్దున పదిన్నరకు దివాకర్ వంతెన దాటాడు. కార్లు వెన్నలో కత్తిలా పోతున్నాయి. పార్కులో తెలుగు సంఘానికి ఒంటిగంటకు సమయం ఇచ్చారు. రెండువందల కుర్చీలు తన చేతులతో సర్దుకుని, పదకొండూ అయిదుకు చెమట తుడుచుకుంటుండగా కాలువ మీదనుంచి వినిపించింది: పొడుగు కూత ఒకటి, పొట్టి కూత ఒకటి.

దివాకర్ బిగుసుకుపోయాడు.

వంతెన జవాబు చెప్పింది. పొట్టి కూతలు అయిదు.

దివాకర్ కుర్చీలో కూలబడి కళ్లు మూసుకున్నాడు. అయిదు నిమిషాలు లేటుగా వచ్చిన ‘నిదానం’ వెనక్కి తిరిగి, పార్కు పక్కనే పడవలు ఆగే రేవులో తాడు కట్టుకుంది. దివాకర్ ముఖంలో ఉన్నంత తృప్తి పెద్ద చేప పట్టినవాడి ముఖంలో కూడా ఉండదు.

ఆ తృప్తి ఒంటిగంటకు పది నిమిషాలదాకా ఉంది. అప్పటికి రెండువందల కుర్చీల్లో ఒక ముసలి అమెరికన్, ఆయన కుక్క ఉన్నారు. కుక్క కూడా కుర్చీలోనే ఉంది. దివాకర్ ఫోన్ తీశాడు.

“రాధారాణి గారూ, ఎక్కడున్నారు?”

“ఇంకెక్కడండీ, సరస్సు ఉత్తరం కొసన! గంటన్నర నుంచీ కదల్లేదు. పాపం మనవాళ్లంతా ఇక్కడే ఉన్నారు. ముందు కార్లో పంతులుగారు, వెనక ప్రెసిడెంటుగారి ఫ్యామిలీ. జాతరలా ఉంది.”

“అటెందుకు వెళ్లారండీ?”

“బ్రిడ్జ్ క్లోజ్డ్ అని మీరే కదా మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టారు! మ్యాప్‌లో ఆవిడ బ్రిడ్జ్ మీదుగా వెళ్లమని నెత్తీ నోరూ కొట్టుకుంది. దానికేం తెలుసు, సెక్రటరీగారే చెప్పారని నేనే నోరు మూయించా.”

వ్యాన్‌లో ఉన్న దివాకర్ కూతురు హాసిని ఫోన్ లాక్కుంది. “నాన్నా, క్లోజ్డ్ అంటే బోట్స్‌కి కదా? కార్స్‌కి ఓపెన్. యూ రోట్ ఇట్ సో రాంగ్. ఎవ్రీబడీ ఈజ్ మ్యాడ్. అండ్ నా పూలజడ ఊడిపోతుంది.”

వెనక్కి తిరిగి వంతెన మీదుగా రమ్మన్నాడు దివాకర్. పండగ ఏర్పాట్లు చూసే అమెరికన్ ఆవిడ చేతిలో అట్ట పట్టుకుని వచ్చి, ఇక చివరి ఖాళీ మూడుంబావుకే ఉందని, అది కూడా తప్పితే వచ్చే ఏడాదేనని చిరునవ్వుతో చెప్పి వెళ్లింది. అలాంటి చిరునవ్వుకన్నా మన గుమాస్తా కసురుకోవడమే నయం.

కోపం వచ్చినప్పుడు మనిషికి తనమీద తనకు కోపం అని తోచదు. దివాకర్ సరాసరి రేవుకు నడిచాడు.

వెంకటస్వామి పడవ అంచున కూర్చుని దోసకాయ ముక్కలు తింటున్నాడు. పక్కన ఒక కుర్రవయసు దాటిన మనిషి, ఇరవయ్యెనిమిదేళ్లుంటాయి, రెండు పెద్ద సూట్‌కేసుల మధ్య బుద్ధిగా కూర్చున్నాడు.

“పండగ రోజైనా వదలరా మీరు?” అన్నాడు దివాకర్. “అర్జీ మీద సంతకం కూడా చేశారు. అయినా వచ్చి ఊదారు. అసలు మనిషన్నాక…”

“పదకొండు లోపల పోదామనుకున్న తమ్మీ. అయిదు నిమిషాలు ఎనకవడ్డ. దోసకాయ తింటవా?”

“నమస్తే అన్నా” అన్నాడు సూట్‌కేసుల మధ్య మనిషి. “నేను రఘువీర్. గుర్తుపట్టలేదా? మీకు రెజ్యూమే పంపిన. మూడుసార్లు.”

దివాకర్ కోపం ఎక్కడికక్కడ ఆగింది. మూడుసార్లూ తను ఏమన్నాడో గుర్తుంది. “డెఫినెట్‌గా చూద్దాం బ్రదర్” అన్నాడు. సంఘం మీటింగుల్లో ఈ మాట అతను వారానికి పదిమందికి ఇస్తాడు. ప్రసాదంలాంటిది, ఎవరూ కడుపు నింపుకోవడానికి తినరు.

“ఓ… రఘువీర్! అది, హెచ్‌ఆర్ దగ్గర స్టక్ అయింది. ఇప్పుడు ఎక్కడ చేస్తున్నావు?”

“ఎక్కడా లేదన్నా. లేఆఫ్ అయింది. ఇంకో ఉద్యోగం చూసుకోనీకి వీసావాళ్లు ఇచ్చే అరవై రోజుల గడువు అయిపోవచ్చింది. ఇవాళ ఏడున్నరకు ఫ్లైట్.” అతను నవ్వాడు. “ఏం కాదు, ఖమ్మంలో మా అక్కవాళ్లు ఉన్నరు. పోయేలోపల ఒక్కసారి బూర ఊదిస్తనని అంకుల్ అన్నడు. ఇవాళ నా వంతు.”

“వంతా? ఏం వంతు?”

రఘువీర్ వెంకటస్వామివంక చూశాడు. వెంకటస్వామి దోసకాయలో గింజలు లెక్కపెడుతున్నట్టు తల దించుకున్నాడు.

“అంకుల్ ఒక్కడే ఎప్పుడూ పోడన్నా. ఎవరికన్నా దెబ్బ తగిలిందని తెలిస్తే ఫోన్ జేస్తడు, ‘బూర ఊదుతవా?’ అని. మొన్న అవనిని తీసుకపోయిండు, ఎంగేజ్‌మెంట్ క్యాన్సిల్ అయిన వారం. రాధారాణి ఆంటీని తీసుకపోయిండు, డాన్స్ స్కూల్ ఖాళీ చేయమన్న రోజు. ఆంటీ రెండుసార్లు ఊదిందట, ఆపరేటర్ మళ్లీ మళ్లీ జవాబు ఇయ్యలేక తిట్టిండట.”

“దేనికిదంతా?”

“ఆరేండ్లు ఉన్నా అన్నా ఈ దేశంల. అన్నిటికోసం నేనే ఆగిన. వీసా లాటరీకి ఆగిన, పాస్‌పోర్ట్ మీద స్టాంపింగ్‌కి ఆగిన, ఇంటర్వ్యూ రిజల్ట్‌కి ఆగిన. ఎవరన్నా నాకోసం ఒక్కసారి ఆగితే ఎట్లుంటదో చూద్దామని.” రఘువీర్ భుజాలెగరేశాడు. “పిచ్చిదే లే. కానీ నిద్రల గూడ అదే వస్తుంది.”

దివాకర్ రేవు చెక్కమీద కూర్చున్నాడు. “మరి నిరుడు? మా ప్రోగ్రాం రోజు? ఆ మంకీక్యాప్ ఎవరు?” అన్నాడు.

వెంకటస్వామి గింజలు వదిలిపెట్టాడు. “అడగకు.”

“చెప్పండి.”

“మీ నాయిన.”

దివాకర్ తండ్రి ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మనిషి. నిరుడు ఆరు నెలలు కొడుకు దగ్గర ఉండి వెళ్లాడు. ఆ శనివారం కారునిండా స్పీకర్లు ఉన్నాయి, జాగా లేదు, ఇంట్లో రెస్ట్ తీసుకోమని చెప్పి వెళ్లాడు దివాకర్. సాయంత్రం వచ్చి ఎలా గడిచిందని అడిగితే, నిద్రపోయానన్నాడు ఆయన. అన్నం మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

“మీ ఇంట్ల మా గిన్నె ఉండిపోతే అడగనీకి వచ్చిన” అన్నాడు వెంకటస్వామి. “గరాజ్ తలుపు దిక్కు చూసుకుంట కుర్చీల కూసున్నడు. నాలుగు నెలల నుంచి టికెట్ టికెట్ అని ఎవ్వలనీ అడగలేదు, నోరు తుప్పు పట్టింది అన్నడు. తోలుకపోయిన. బూర ఊదిండు. వంతెన లేసినంక లేసి నిలవడి ‘హోల్డాన్!’ అని ఒర్రిండు సూడు, కాలువ మొత్తం దద్దరిల్లింది. దిగినంక ‘రైట్ రైట్!’ ముప్పై ఏండ్లల ఇంత పెద్ద బస్సు ఆపలే అన్నడు. నువ్వు పైన్నుంచి చెయ్యి ఊపుతుంటే, మావాడే, ఎంత సంబరపడుతున్నడో అని తిరిగి ఊపిండు.”

దివాకర్ తను ఆరోజు ఏమని అరిచాడో తలుచుకుని, రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. గాలి ఎదురుగా ఉండి వినబడలేదు కాబట్టి సరిపోయింది.

మధ్యాహ్నమంతా దివాకర్ రేవులోనే ఉండిపోయాడు. మూడింటికి అయిదు నిమిషాలుందనగా రాధారాణి ఫోన్. “వచ్చేశామండీ! బ్రిడ్జ్ కనబడుతోంది. ముందు ముప్పై నలభై కార్లున్నాయంతే. వెనక మనవాళ్ల కార్లే ఓ యాభై. మూడుంబావుకు స్టేజీ మీద ఉంటాం.”

స్పీకర్లో అందరూ విన్నారు. వెంకటస్వామి లేచి, చేతిలో ఉన్న బూరను డబ్బాలో పెట్టేశాడు.

“ఇగ ఊదద్దు. ఆడపిల్లలు పొద్దటిసంది తిప్పలవడ్డరు. పో తమ్మీ, నీ కుర్చీలు చూసుకో.”

“అవును అన్నా, పర్లేదు” అన్నాడు రఘువీర్. “మూడున్నరకు దమయంతి ఆంటీ కారు తెస్తుంది, నేను ఎయిర్‌పోర్ట్‌కి పోవాలె.” అని సూట్‌కేసు పిడి పైకి లాగాడు. ఆగడం అలవాటైనవాడు ఎంత తొందరగా సర్దుకుంటాడో, అంత తొందరగా సర్దుకున్నాడు.

దివాకర్ పార్కువైపు చూశాడు. రెండువందల కుర్చీలు. ఏడాది పట్టుదల. మూడుంబావు తప్పితే ఇక లేదు. అట్ట పట్టుకున్న ఆవిడ గడియారం చూసుకుంటోంది.

“తాడు విప్పండి” అన్నాడు.

“ఏంది?”

“నిదానంగా కాదు, తొందరగా విప్పండి!” అని పడవలోకి దూకాడు. దూకడం చేతకాక ఒక సూట్‌కేసు మీద పడ్డాడు. డబ్బాలోంచి బూర తీసి రఘువీర్ చేతిలో పెట్టాడు. “పొడుగు ఒకటి, పొట్టి ఒకటి. కానీయ్.”

మూడు దాటి ఒక నిమిషం. రఘువీర్ మొదట ఊదితే పిల్లి ఆవులించినట్టు వచ్చింది. రెండోసారి ఊపిరితిత్తుల్లో ఆరేళ్లుగా ఏముందో అంతా ఊదాడు. పొడుగు కూత కాలువ అవతలి గట్టుకు తగిలి తిరిగి వచ్చింది. తరవాత పొట్టిది.

ఆపైన వంతెన పలికింది: పొడుగు ఒకటి, పొట్టి ఒకటి.

గంట మోగింది. గేట్లు దిగాయి. రాధారాణి వ్యాను సరిగ్గా గేటు ముక్కుకు ఆనుకుని ఆగింది. వెంటనే దివాకర్ ఫోన్ మోగింది.

“దివాకర్ గారూ! ఆయన మళ్లీ లేపాడండీ! ఎక్కడున్నారు మీరు? ఆ ముసలాయన్ని పట్టుకోండి!”

“పట్టుకునే ఉన్నానండీ. పడవలోనే ఉన్నా. లేపించింది నేనే.”

అవతల వ్యాను తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది.

“బూర ఊదింది ఎవరు?” అంది రాధారాణి, గొంతు మారిపోయి.

“రఘువీర్ అని ఒకబ్బాయి. ఇవాళ వెళ్లిపోతున్నాడు.”

“అలా చెప్పరేం మరి!” ఆమె ఫోన్ పెట్టేయకుండానే వ్యాన్‌లోకి అరిచింది. “దిగండే అందరూ! కర్రలు తీసుకోండి! హాసినీ, స్పీకరు కిందికి దించు. ఆడాల్సింది ఎక్కడైతేనేం!”

వంతెన రెండు రెక్కలూ ఆకాశంలోకి లేస్తుంటే, గేటు ముందు నల్లటి రోడ్డుమీద పద్నాలుగు పట్టుపావడాలు గుండ్రంగా నిలబడ్డాయి. కోలాటం మొదలైంది. కార్ల తలుపులు తెరుచుకున్నాయి. జనం దిగారు, ఫోన్లు ఎత్తారు. ఒక ట్రక్కు డ్రైవరు బానెట్ ఎక్కి కూర్చుని తొడమీద తాళం వేశాడు. వెనక యాభై కార్లలోంచి తెలుగువాళ్లు పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకుని పరుగెత్తుకొచ్చారు. పంతులుగారు పంచె ఎగ్గట్టి మరీ వచ్చారు. ఆ సంఘం చరిత్రలో అంత జనం ఎప్పుడూ రాలేదు, వచ్చినవాళ్లు ఎవరూ మధ్యలో లేచి పోలేని ప్రోగ్రాం కూడా అదే.

కింద ‘నిదానం’ తన పేరు నిలబెట్టుకుంటూ వంతెన మధ్యలోంచి సాగింది. రఘువీర్ ముందుభాగంలో నిలబడి తల పైకెత్తి చూశాడు. అటు రెక్క, ఇటు రెక్క, మధ్యలో ఆకాశం. రెండు గట్ల మీదా ఆగిన కార్లు. అతను ఏడుస్తాడేమోనని దివాకర్ భయపడ్డాడు. అతను పెద్దగా నవ్వాడు. “అన్నా, పైన బెంజ్ ఒకటి ఆగింది!” అన్నాడు.

వంతెన దిగింది, గేట్లు లేచాయి, అయినా ఒక్క కారు కదల్లేదు. కోలాటం ఇంకా సగంలో ఉంది. రాధారాణి మధ్యలో ఆపే రకం కాదు. ఆపరేటరు గదిలోంచి అయిదు పొట్టి కూతలు కూశాడు. పద్నాలుగు జతల కర్రలు ఆ కూతలకు కూడా తాళం కలిపాయి.

వెంకటస్వామి ఫోన్ అందుకున్న దమయంతి అవతలి రేవులో కారుతో సిద్ధంగా ఉంది. సూట్‌కేసులు ఎక్కించాక, దివాకర్ గొంతు సవరించుకుని, “రఘువీర్, ఆ రెజ్యూమే మళ్లీ ఒకసారి పంపు, మా హైదరాబాద్ ఆఫీసులో…” అన్నాడు.

“నాలుగోసారా అన్నా?” అన్నాడు రఘువీర్ నవ్వుతూనే.

“మూడుసార్లు పంపింది నీ ఫోన్‌లోనే ఉంటుందిగా దివాకర్” అంది దమయంతి స్టీరింగు వదలకుండా. “ఇప్పుడే పంపించు నాయనా. నేను చూస్తుండగా. అది వెళ్లేదాకా కారు తీయను.”

దివాకర్ రేవులో నిలబడి, ఆమె చూస్తుండగా హైదరాబాద్ ఆఫీసుకు పంపాడు. రఘువీర్ పేరు తప్పు రాస్తే ఆమె సరిచేయించింది.

కారు వెళ్లాక ఇద్దరూ పడవలో మిగిలారు. దివాకర్ అడిగాడు. “ఊరంతా మిమ్మల్ని ఇన్నాళ్లూ తిట్టుకుంటుంటే, ఇదీ సంగతి అని ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదండీ?”

“చెప్తే ఏమైతది?” వెంకటస్వామి తాడు చుడుతూ అన్నాడు. “మీ సంఘం కమిటీ వేస్తది. దానికొక ఛైర్మన్. ఎవలికి ఎక్కువ బాధ ఉన్నదో ఫామ్ నింపుమంటరు. సన్మానం అని నాకొక శాలువ కప్పి, గంటసేపు నువ్వు మాట్లాడతవు. గిదంతా నాకెందుకు? నాకు వంతెన లేస్తుంటే సూడాలంటే ఇష్టం. ఒక్కణ్ణే లేపితే తిట్లన్ని నాకే తాకుతయి. పక్కన ఇంకొకడుంటే సగం వానికి పోతయి.”

దివాకర్ తల ఊపాడు. పడవ దిగబోయి ఆగాడు. “వచ్చే శనివారం ఎవరి వంతండీ?”

“ఎందుకు?”

“ఊరికే. ఖాళీ ఉంటే… నేను.”

వెంకటస్వామి అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. ఉద్యోగం ఉంది. ఇల్లు ఉంది. పెళ్లాంబిడ్డలు కులాసా. “నీకేం కష్టమొచ్చింది?”

“తెలుగు సంఘం సెక్రటరీనండీ.”

వెంకటస్వామి చుట్టిన తాడు కింద పెట్టి, ఆ మాట గురించి నిజంగానే కాసేపు ఆలోచించాడు.

“శనివారం దాకా ఎందుకు తమ్మీ” అన్నాడు. “రేపే రా.”